కోడలికి చెల్లని జబ్బు

మాలకొండయ్యకు లేని జబ్బుకు ప్రభుత్వం కార్డు ఇచ్చింది. అతని భార్య పున్నమ్మకు ఉన్న జబ్బుకు ఇవ్వలేదు. జరిగింది ఇంతే. మిగతాదంతా చట్టం.

ఆ చట్టం మంత్రిగారి బుర్రలో పుట్టింది. ఆయన సీటులో ముందు ఆయన తాత కూర్చున్నాడు, తర్వాత తండ్రి కూర్చున్నాడు, ఇప్పుడాయన కూర్చున్నాడు. మనిషికి ఏదొచ్చినా వంశం నుంచే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. చవుటపాలెంలో ఇంటికొకరు కిడ్నీలు చెడి మంచం పడుతున్నారని పేపర్లు గోలపెట్టేసరికి ఆయన ఒక నిపుణుల సంఘాన్ని పంపాడు. ఆ సంఘం వెంట తెచ్చుకున్న సీసాల్లో నీళ్లు తాగుతూ ఊరంతా తిరిగింది. తాతకు ఉందా అంటే ఉందన్నారు. తండ్రికి? ఆయనకూ ఉంది. కొడుక్కి? అదిగో, నులకమంచం మీద. ముగ్గురూ తాగింది ఒకే బోరు నీళ్లని వెనక నుంచి ఎవరో అన్నారు గానీ, సంఘం పరిశీలించవలసిన అంశాల్లో నీళ్లు లేవు. జబ్బు వంశపారంపర్యమని తేల్చి, ఖాళీ సీసాలు అక్కడే పారేసి వెళ్లిపోయారు. ఊరికి మంచినీళ్లు తెస్తామని రోడ్డు పక్కన దొర్లించిన పైపుల్ని ఆ వారంలోనే లారీలకెత్తి తీసుకుపోయారు. వంశానికి పైపులెందుకు?

చట్టం చదవడానికి సులువుగా ఉంటుంది. ఆస్తి రెండు రకాలైనట్టే జబ్బూ రెండు రకాలు. తాతతండ్రుల నుంచి వచ్చింది పిత్రార్జితం. తానుగా తెచ్చుకున్నది స్వార్జితం. పిత్రార్జిత రోగి ఏ పాపమూ ఎరగడు కనుక అతనికి ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేస్తుంది. స్వార్జిత రోగి తన జబ్బును తానే సంపాదించుకున్నాడు కనుక తానే అనుభవించాలి. "కష్టపడి సంపాదించుకున్నదాన్ని ప్రజల దగ్గర్నుంచి లాక్కునే హక్కు మాకు లేదు" అని మంత్రిగారు సభలో అన్నారు. అందరూ బల్లలు చరిచారు.

టౌనులో వంశారోగ్య భవనం లేచింది. పైన ఆఫీసు, కింద డయాలసిస్ కుర్చీలు. చవుటపాలెంలో కార్డు వచ్చినవాడి నడకే మారిపోయింది. పెళ్లిళ్ల పేరయ్యలు "అబ్బాయికి పొలం లేకపోతే లేదు గానీ, మూడు తరాల పిత్రార్జితం ఉందండీ" అని చెప్పడం మొదలుపెట్టారు. కార్డు రానివాళ్లు తమ తాతలు నిమ్మకు నీరెత్తినట్టు ఎనభై ఏళ్లు బతికి తమ కొంప ముంచారని తిట్టుకున్నారు.

మాలకొండయ్య తాతా తండ్రీ అలా ముంచలేదు. ఇద్దరూ కాళ్లూ మొహం వాచి పోయారు. మాలకొండయ్య మాత్రం లారీ డ్రైవరు. బతుకంతా రోడ్ల మీదే గడిచింది. పది జిల్లాల నీళ్లు తాగాడు, సొంత ఊరి నీళ్లు తప్ప. ఆ నీళ్లు ఇంట్లో ఉన్న పున్నమ్మ తాగింది. వాకిట్లో ఉన్న బోరు ఆమె మామ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి వేయించినదే. మా మామ తెచ్చిన బోరు అని కాపరానికొచ్చిన రోజు నుంచి ఆమె దానికి పసుపు కుంకుమ పెట్టి మరీ తాగింది. పిల్లలు లేరు. మొగుడు నెలకోసారి కనబడేవాడు. ఇంట్లో మాట్లాడే వస్తువు ఆ బోరు ఒక్కటే. కొడితే కీచుమనేది.

లారీ దిగి ఇంటిపట్టున ఉందామనుకున్న ఏడాదే ఆమె కాళ్లు వాచాయి. ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నాళ్లు రక్తం కడిగించాడు. ఉన్న చేను కూడా రక్తంతో పాటు కడిగేసుకుపోయింది. ఆ తర్వాత ఆమెను ఆటోలో ఎక్కించుకుని వంశారోగ్య భవనానికి తీసుకుపోయాడు.

పై అంతస్తులో వంశ నిర్ధారణాధికారి వరప్రసాదరావు ఉన్నాడు. ఆయన వెనక గోడ మీద మంత్రిగారి వంశవృక్షం రంగుల్లో వేలాడుతోంది.

"తమరి తండ్రిగారు?"

"పోయాడు సార్. కిడ్నీలు."

"పితామహులు?"

"ఆయనా అట్టాగే పోయాడు. అప్పట్లో దానికి పేరు లేదు."

వరప్రసాదరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎంత నిర్మలమైన పరంపర! మాలకొండయ్యగారూ, తమరికి ఈ క్షణమే డయాలసిస్ మంజూరు చేస్తున్నాం."

"నాకేం జబ్బు లేదు సార్."

"అలా నిరుత్సాహపడకండి. జబ్బు తమరి హక్కు. ఇంకా స్వాధీనంలోకి రాలేదు, అంతే."

"జబ్బు దీనిది సార్. నా పెళ్లాం."

అధికారి అప్పుడే చూసినట్టు పున్నమ్మను చూశాడు, టిక్కెట్టు లేకుండా బస్సెక్కిన మనిషిని చూసినట్టు. "వీరు తమరి ఇంటి ఆడపడుచా?"

"కోడలు."

"అమ్మా, తమరి పుట్టింట ఎవరికైనా?"

"మా అమ్మా నాయనా రాళ్లల్లే ఉండారయ్యా," అంది పున్నమ్మ కొంచెం గొప్పగా. "మా వైపు ఎవురికీ ఇట్టాంటియ్యి లేవు."

"విన్నారుగా? తమరి నోటితో తమరే సెలవిచ్చారు. స్వార్జితం."

"సార్, మా ఊళ్లో కోడళ్లందరికీ ఉంది. పై ఊళ్ల నుంచి వొచ్చినోళ్లే అందరూ. వాళ్లకి యాడి నుంచి వొచ్చినట్టు? ఆ నీళ్లు..."

"నీళ్లు మా శాఖ కాదు."

"పోనీ, నా కుర్చీలో దీన్ని కూచోబెట్టండి. నాకక్కర్లేదు గదా."

వరప్రసాదరావు నవ్వాడు. "ఒకరి ఓటు ఇంకొకరు వేయొచ్చునా?"

"మా ఊళ్లో వేస్తారు సార్."

ఆ మాటతో ఇంటర్వ్యూ ముగిసింది. వారం తిరిగేసరికి మాలకొండయ్యకు నోటీసు వచ్చింది. 'లబ్ధిదారు తనకు కేటాయించిన కుర్చీకి గైర్హాజరగుట వలన ప్రభుత్వ యంత్రం వృథాగా తిరిగినది. సదరు లబ్ధిదారు ఇకనైనా తన పూర్వీకుల గౌరవార్థం హాజరు కావలెను.' పున్నమ్మ దాన్ని చదివించుకుని వింది. "నా బదులు నువ్వన్నా పోయి కూచోయ్యా, ఏసీ ఉంటదంట," అంది.

ఇక లాభం లేదని మాలకొండయ్య రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి మస్తాను దగ్గరికి పోయాడు. మస్తాను టీ తాగుతూ అంతా విన్నాడు.

"దీనికి అంత గింజుకుంటావేందన్నా? దత్తతిప్పించు."

"ఎవర్ని?"

"ఒదిన్ని. చట్టంలో దత్తత ఉంది. పెంచిన నాయన ఆస్తి ఎట్టా వొస్తదో, జబ్బూ అట్టానే వొస్తది. వయసు అడ్డం లేదు, పెళ్లయిందా లేదా అని లేదు. ఏంది, నవ్వుతా? మంత్రిగారి తోడల్లుడికి ఫారిన్లో గుండె ఆపరేషన్ కోసం పెట్టిన సెక్షనన్నా అది. ఆయన్ని అరవయ్యేళ్ల మీద దత్తతిచ్చారు. మీ ఇంటి రక్తంలో కార్డున్న ముసలోళ్లెవరన్నా ఉండారా?"

ఉన్నాడు. తండ్రి తమ్ముడు చెంచయ్య. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. వారంవారం కుర్చీలో దర్జాగా కూర్చుని వస్తాడు. చిక్కల్లా ఒకటే. పున్నమ్మ కాపరానికొచ్చిన కొత్తలో చేపల పులుసులో ఉప్పెక్కువైందని చెంచయ్య నలుగురిలో అన్నాడు. ఉప్పు ఆమెదో, బోరు నీళ్లదో ఎవరూ తేల్చలేదు. ఆ పూట నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. గోడకు అటొకరు, ఇటొకరు ముసలివాళ్లయ్యారు.

మొగుడూ పెళ్లాలిద్దరూ పోయి వాకిట్లో నిలబడ్డారు. చెంచయ్య మంచం మీద నుంచి లేవలేదు.

"ఇది మా నాయన నాకిచ్చి పోయిన జబ్బురా కొండా. పొలం మీ నాయన మింగాడు. నాకు మిగిలిన ఆస్తి ఇదొక్కటే. పులుసు కాయటం చేతగాని మనిషి చేతిలో పెట్టమంటావా?"

"బాబాయ్, అది ఎప్పటి మాట..."

"నాకు నిన్నటిలా ఉంది."

పున్నమ్మ స్తంభం పట్టుకుని ఆయాసపడుతోంది. "చిన్నమామా," అంది. ఆ పిలుపుకు చెంచయ్య ఉలిక్కిపడ్డాడు. "ఉప్పు తగ్గిస్తాను."

ముసలాయన గోడవైపు తిరిగాడు. తర్వాత తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, "మామ కాదు, నాయనా అనాల," అన్నాడు.

వరప్రసాదరావు దత్తత కాగితం చూసి సంతోషించాడు, అయితే దానికి ముందు ఇంకో సంతకం కావాలన్నాడు.

"దత్తత జరిగిన మరుక్షణం ఈమె తమరి పినతండ్రిగారి కుమార్తె. అనగా తమరికి చెల్లెలు. అన్నాచెల్లెళ్లు ఒక కప్పు కింద భార్యాభర్తలుగా మెలగడమా? అటువంటి అనాచారానికి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వజాలదు. ముందు వివాహం రద్దు. ఆ పిమ్మట దత్తత."

"పెళ్లినాడే మా గోత్రంలో కలిసింది గద సార్? అప్పుడు లేని తప్పు ఇప్పుడెట్టా వొచ్చింది?"

"ఆ కలయిక పూజలకు. వైద్యానికి కాదు."

మాలకొండయ్య పున్నమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం ఉబ్బి కళ్లు చీలికల్లా ఉన్నాయి. "పెట్టవయ్యా సంతకం," అంది. "పెళ్లి నాడు మాత్రం మనల్ని అడిగి చేశారా?"

పెట్టారు. ఇంటికొచ్చి ఆమె మంగళసూత్రం తీసి గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో దాచింది. మాలకొండయ్య తన మంచం వసారాలోకి మార్చాడు. ఆ వారమే పున్నమ్మకు కార్డు వచ్చింది. కార్డు మీద 'చెంచయ్య కుమార్తె, అవివాహిత' అని ఉంది.

కింద అంతస్తులో ఏసీ గదిలో ఆమె కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో చెంచయ్య. తండ్రీ కూతుళ్ల రక్తం పక్కపక్క యంత్రాల్లో తిరుగుతుంటే చేపల పులుసులో చింతపండు ముందు వేయాలా, ముక్క ముందు వేయాలా అని ఇద్దరూ పోట్లాడుకున్నారు. నెల తిరిగేసరికి ఆమె కాళ్ల వాపు దిగింది. బిందె ఎత్తింది. తిట్టింది. మాలకొండయ్యకు ప్రాణం లేచొచ్చింది. వసారా మంచం మీద పడుకుని, ఇంట్లో చెల్లెలి తిట్లు వింటూ, ఇంతకంటే మంచి కాపరం ఎక్కడుంటుందనుకున్నాడు.

ఊరు ఊరికే ఉండదు కదా. మస్తాను చెట్టు కింద జనం బారులు తీరారు. ఒక వీధిలో కోడలు మామకు కూతురైంది. ఇంకో వీధిలో తోడికోడళ్లిద్దరూ కవలలయ్యారు. ఒక మొగుడికి వంశం లేకపోయి పెళ్లాం వంశానికి ఉంటే, అతను అత్తగారికి కొడుకై పెళ్లానికి తమ్ముడయ్యాడు. ఆరు నెలల్లో చవుటపాలెంలో భార్యాభర్తలు లేకుండా పోయారు. ఊరంతా అన్నాచెల్లెళ్లూ, అక్కాతమ్ముళ్లూను. ఈ మధ్యలో ఒకావిడకు కానుపు వచ్చింది. బిడ్డ తండ్రి పేరు రాయవలసిన చోట ఏం రాయాలో తెలియక నర్సు 'దైవకృప' అని రాసింది.

ఇది పైకి పాకింది. మంత్రిగారు కలవరపడ్డారు. ఒక ఊరు ఊరంతా ఒకటే వంశమైతే, రేపు ఆ వంశంలో ఎవడో సీటు అడిగితే? దత్తతల నిజానిజాలు విచారించమని వరప్రసాదరావుకు ఉత్తర్వు వచ్చింది.

వరప్రసాదరావు కూడా పల్లెటూళ్లో పుట్టినవాడే. ఆయన తల్లి చచ్చేదాకా ఆయన తండ్రి పేరు పలకలేదు. ఆ జ్ఞాపకం లోంచే ఆయన ఒక శాస్త్రీయ పరీక్ష కనిపెట్టాడు. దానికి తర్వాత ఆయనకు అవార్డు వచ్చింది. పరీక్ష ఇదీ. ఆడమనిషిని పిలుస్తారు, మగమనిషిని ఎదురుగా నిలబెడతారు. 'ఇతని పేరేమిటి?' అని అడుగుతారు. చెల్లెలైతే చెబుతుంది. పెళ్లామైతే చెప్పదు.

బడి ఆవరణలో షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. మొదటి ఆవిడ కళ్లు మూసుకుని మొగుడి పేరు గబుక్కున అనేసింది. అని, గబుక్కున చెంపలు వాయించుకుంది. వాయించుకోవడం చూసి వరప్రసాదరావు ఆమెను భార్యగా తేల్చాడు. తర్వాత వచ్చినావిడ చెంపలు వాయించుకోకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పేరు చెప్పింది, చెప్పి నాలుక కరుచుకుంది. నెత్తురొచ్చింది. ఆమె కూడా భార్యే. ఒకే ఒక్కామె మొగుడి పేరు తండ్రి పేరుతో సహా బిగ్గరగా చెప్పి, పక్కన రెండు బూతులు కూడా కలిపి నెగ్గింది. ఆమె నిజంగా చెల్లెలేనని ఊళ్లో చాలామంది నమ్మారు.

పున్నమ్మ వంతు వచ్చింది.

ముందు రోజంతా మాలకొండయ్య ఆమెకు నేర్పాడు. "మాల అను." అంది. "కొండ అను." అంది. "కలిపి అను." నోరు మూసుకుంది. ఆమెకు ఈ బాధ కొత్తది కాదు. ఆ చుట్టుపక్కల అందరూ మొక్కుకునే దేవుడి కొండకూ అదే పేరు. కాపరానికి వచ్చింది మొదలు ఆమె ఆ దేవుడికి పేరు పెట్టి మొక్కలేదు. 'ఆ పైనున్నాయన' అనేది. దేవుడు అర్థం చేసుకునేవాడు.

"అమ్మా, ఇతను తమరికి ఏమవుతాడు?" అన్నాడు వరప్రసాదరావు.

"అన్న," అంది పున్నమ్మ తడుముకోకుండా. జనం మెచ్చుకున్నారు.

"ఇతని పేరు?"

పున్నమ్మ తల వంచుకుంది.

"చెప్పమ్మా. చెప్పవే," అన్నాడు మాలకొండయ్య. "నీకు దణ్ణం పెడతా, చెప్పు."

"సాక్షి మాట్లాడరాదు. అమ్మా, తమరికి ఇంకో అవకాశం ఇస్తున్నాం. మనిషి పేరు వద్దు. అదిగో, ఆ తూర్పున కనబడే కొండ ఉంది కదా. దాని పేరు?"

ఆమె కొండ వైపు చూసింది. పెదాలు కదిలాయి. ఊరంతా ఊపిరి బిగబట్టింది. వెనక నుంచి చెంచయ్య, "చెప్పమ్మా తల్లీ!" అని కేకేశాడు.

"మొక్కుల కొండ," అంది పున్నమ్మ.

దత్తత బూటకమని రాసుకున్నారు. కార్డు అక్కడికక్కడే తీసుకున్నారు.

ఇంటికొచ్చాక మాలకొండయ్య వసారా మంచం మీద కూలబడ్డాడు. తర్వాత అన్నాడు, "పానం కంటే ఎక్కువా నా పేరు?"

"నేనేమన్నా కావాలని చేశానా? నాలిక కాడిదాకా వొచ్చింది. వొచ్చి ఆగింది. బండికి కట్టిన ఎద్దు ఇంటిముందు ఆగదా, అట్టా." అతని పక్కన కూర్చుని, "నన్ను కొట్టాలనుందా?" అంది.

"ఉంది."

"కొట్టు. ఇప్పుడు నేను నీ పెళ్లాన్ని కాదు, కేసవుద్ది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అదే ఆఖరి నవ్వు.

దత్తత రద్దయింది. కానీ రద్దయిన పెళ్లి రద్దయినట్టే ఉండిపోయింది. మళ్లీ పెళ్లి రాయండని మాలకొండయ్య రిజిస్ట్రారాఫీసుకు పోతే, పున్నమ్మ చెల్లెలు కాదని రుజువైంది గానీ, ఆ రుజువు పై అధికారులు ఖాయం చేసే వరకు చెల్లెలి కిందే లెక్క అన్నారు. ఖాయమయ్యేది ఎప్పుడంటే తదుపరి ఉత్తర్వులు వెలువడినప్పుడు అన్నారు. వైద్యానికి కూతురు కాదు, పెళ్లికి మాత్రం చెల్లెలు. ఆమె కాళ్లు మళ్లీ వాచాయి. కార్డు మిగిలిన చెంచయ్య తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టమని భవనం మెట్ల మీద అడ్డంగా పడుకున్నాడు. నలుగురు పట్టుకుని ఎత్తి, ఆయన కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టారు.

అలాంటప్పుడు ఒక వార్త వచ్చింది. మంత్రిగారు పెద్ద పదవికి వెళుతున్నారు. సీటు ఖాళీ అవుతుంది. కొడుకు మీద కేసులున్నాయి, పోటీకి పనికిరాడు. అందుచేత చట్టం సవరించారు. 'ఇకపై కోడలు కూడా వంశమే' అని పేపర్లు పతాక శీర్షిక పెట్టాయి.

మాలకొండయ్య ఆ పేపరు చేత్తో పట్టుకుని భవనం మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"సార్, కోడలికి వొచ్చుద్దంట!"

వరప్రసాదరావు సవరణ తెప్పించి నిదానంగా చదివాడు. "అవును. కోడలికి వంశం సంక్రమిస్తుంది. నిస్సందేహంగా. చరిత్రాత్మకమైన సవరణ." మాలకొండయ్య కళ్లు మెరిశాయి. "పదవుల నిమిత్తం."

"అంటే?"

"సీటు అయితే మెట్టినింటి నుంచి వస్తుంది. జబ్బు అయితే పుట్టినింటి నుంచే రావాలి."

"ఒకటే రక్తం గద సార్, రెండిటికీ?"

"మాలకొండయ్యగారూ, తమరికి రాజ్యాంగం తెలియదు. రక్తం వేరు, రాజకీయ రక్తం వేరు. మొదటిది తల్లి గర్భంలో కలుస్తుంది. రెండోది పసుపుతాడుతో కలుస్తుంది."

"నేనూ కట్టాను సార్ పసుపుతాడు."

"కట్టారు. రద్దు చేసుకున్నారు. సంతకం కూడా తమరిదే."

మాలకొండయ్య ఆ సంతకం పెట్టిన బల్ల వైపు చూశాడు. గోడ మీద మంత్రిగారి వంశవృక్షానికి కొత్త కొమ్మ గీసి ఉంది. ఇంకా రంగు ఆరలేదు. అతను మెట్లు దిగాడు.

ఇంట్లో పున్నమ్మ వసారాలో అతని మంచం మీదే పడుకుని ఉంది. లోపల ఊపిరాడటం లేదంది. అతను ఆఫీసులో విన్నది ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు. కప్పు వైపు చూస్తూ ఉండి ఉండి, తేటగా, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు అంది.

"మాలకొండయ్య."

అతను ఆమె మొహంలోకి వంగాడు.

"వొచ్చింది చూశావా," అంది. "ఆ పరీక్ష పెట్టినాయన్ని పిలుస్తావా మరి?"

పిలిచినా వచ్చేవాడు కాదు. పరీక్ష గడువు ముగిసింది. పున్నమ్మ గడువు కూడా ఆ వారంలోనే ముగిసింది.

నిప్పు మాలకొండయ్యే పెట్టాడు. ఊరివాళ్లెవరూ నువ్వెవరని అడగలేదు. చట్టం తెలియని జనం. కొండ వైపు గాలి తిరిగింది. చెంచయ్య తన కార్డు తెచ్చి మంటలో వేశాడు. నాలుగో రోజున డూప్లికేట్ కార్డు పోస్టులో వచ్చింది.

మరణ ధ్రువపత్రం రాసే గుమస్తా బుద్ధిమంతుడు. అతనికి ఎవరినీ నొప్పించడం ఇష్టం లేదు.

"భార్య అని రాయటానికి లేదు. చెల్లెలు అని రాయబోతే విచారణ రిపోర్టు కాదంటోంది. ఏ చుట్టరికమూ లేని మనిషి మీ ఇంట్లో ఎందుకున్నట్టు?"

"మీరే చెప్పండి."

గుమస్తా ఆలోచించి, ఉన్నంతలో మర్యాదగా తోచిన మాట రాశాడు. 'అద్దెకున్నవారు.'

మాలకొండయ్య ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో, గుడ్డలో కట్టిన సూత్రం పక్కన పెట్టాడు.

ఎన్నికలొచ్చాయి. చవుటపాలెంలోకి బళ్లు దిగాయి. ముందు బండి మీద మంత్రిగారి కోడలు. మనిషి చక్కగా ఉంది, గొంతూ చక్కగా ఉంది. మామగారి ఆశయాలు నిలబెడతానంది. మామగారి పేరు చెప్పింది, ఆయన తండ్రి పేరు చెప్పింది, ఆయన తాత పేరు చెప్పింది. మొగుడి పేరైతే మైకులో ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ఒక్కసారి కూడా నాలుక తడబడలేదు, చెంప వాయించుకోలేదు. వరప్రసాదరావు పరీక్షలో అయితే ఆమె మొగుడికి నిక్షేపంలాంటి చెల్లెలని తేలేది.

బండి దిగి వాకిలి వాకిలికీ నడుచుకుంటూ వచ్చింది. బోరు దగ్గర ఆగి, వెంట వచ్చినవాళ్లు ఫొటో తీయడానికి వీలుగా హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. బోరు కీచుమంది. వసారాలో మంచం మీద కూర్చున్న మాలకొండయ్య ఆ చప్పుడుకు తలెత్తాడు.

"అన్నా, బాగున్నావా? నన్ను గుర్తుపట్టావా? ఈ ఊరి కోడల్ని."

"ఈ ఊళ్లో కోడళ్లకి ఏదీ రాదమ్మా."

వెంట ఉన్న కార్యకర్తలు ఇబ్బందిగా నవ్వారు. ఒకడు ఆమె చెవిలో ఏదో గొణిగాడు. ఆమె తెలివైనది. మూడు తరాల తెలివి. వెంటనే సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"పోనీలే, కోడలొద్దు. నన్ను నీ చెల్లెలనుకో అన్నా."

మాలకొండయ్య లేచి, తువ్వాలు దులుపుకుని, తలుపు దగ్గరికి పోయాడు.

"వొద్దమ్మా," అన్నాడు. "నాకు చెల్లెళ్లు అచ్చిరారు."